అకాలమరణమున ఆశ

ముదిమి నిండి కాలధర్మము నొందినవారికై మనము దుఃఖించినను, ఆ దుఃఖమున కొక హద్దు గలదు. విద్య ముగించి, వివాహము నిశ్చయమై, లోకమున నడుగిడనున్న ప్రాయమున నొక మిత్రుడు హఠాత్తుగా మరణించెనేని ఆ శోకమునకు హద్దేది? భగవంతుడు దయామయుడని నమ్మినవారి కీ ప్రశ్న మఱింత కఠినము. క్రైస్తవులు దీని నెట్లెదుర్కొందురో తెలిసికొనుటకు ఆంగ్లకవియగు టెన్నిసన్ చరిత్రము తోడ్పడునని తలచి, సోదరీమణులకు దానిని సంగ్రహముగా విన్నవించుచున్నాము.

ఆల్ఫ్రెడ్ టెన్నిసన్, ఆర్థర్ హాలమ్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలయందు సహాధ్యాయులు, ప్రాణమిత్రులు. టెన్నిసన్ చెల్లెలగు ఎమిలీని హాలమున కిచ్చుటకు నిశ్చయమయ్యెను. ఇంతలో 1833 సెప్టెంబరు 15వ తేదీన, తండ్రితో దేశాటనము చేయుచు వియన్నా నగరమున నుండగా, హాలమ్ హఠాత్తుగా మరణించెను. అప్పటి కాతని వయస్సు 22 ఏండ్లే. దేహమును ఓడపై ఇంగ్లండునకు గొనివచ్చి, 1834 జనవరిలో క్లీవ్‌డన్ అను నూరి చర్చిలో సమాధి చేసిరి.

టెన్నిసన్ తండ్రి మతబోధకుడు. అయినను చిన్ననాట విన్న బోధ లా కవి కన్నీటిని వెంటనే తుడువలేదు. ఆ శోకమున విడివిడిగా వ్రాసికొనిన ఖండికలు 17 సంవత్సరములకు, 1850లో, 'ఇన్ మెమోరియమ్' అను కావ్యముగా వెలువడినవి. ప్రకృతి జాతులకు జాతులనే రూపుమాపుచుండగా సృష్టికి మూలము ప్రేమయని నమ్ముటెట్లని కవి యందు కలత చెందెను. తన సంశయమును దాచలేదు. కావ్యమున మూడు క్రిస్మసు పండుగలు వచ్చును. మొదటి పండుగ యింటివారి కెల్లరకు భారమే. క్రీస్తును సంబోధించిన నాంది కావ్యమునకు మొదట నున్నది. కాని దానికి వేసిన సంవత్సరము 1849. నమ్మకము గ్రంథమున ముందు నిలిచినను, హృదయమునకు జాలకాలమునకు గాని చేరలేదన్నమాట.

రఘువంశమున అజమహారాజు ఇందుమతిని గోల్పోయినపు డిట్లే జరిగినది. వసిష్ఠుని యుపదేశము సత్యమే. కాని శోకము నిండిన యా హృదయమున దానికి చోటు దొరకలేదు.

క్రైస్తవ గ్రంథములును ఏడ్పును నిషేధింపలేదు. బేతనియలో లాజరు మరణించిన నాల్గు దినములకు యేసు అచ్చటికి వచ్చి, అతనిని మరల బ్రతికింపనున్నవాడయ్యు, అక్కచెల్లెండ్రగు మార్త, మరియల దుఃఖమును జూచి తానును కన్నీరు విడిచెనని యోహాను సువార్త 11వ అధ్యాయము తెలుపుచున్నది. థెస్సలొనీకయుల కౌలేఖ వ్రాసిన పౌలు వారించినది దుఃఖమును గాదు, నిరాశను. క్రీస్తు మృతులలోనుండి లేచెను గనుక ఆయనను నమ్మినవారును లేతురని వారి విశ్వాసము. మృతుడు విశ్వములో కలిసి పేరులేక పోవుట గాక, ఆ మిత్రుని మిత్రునిగానే మరల గుర్తింతునని టెన్నిసన్ కోరిక.

ఎమిలీ మాట యేమి? ఆమె 1842లో రిచర్డ్ జెస్సీ యను నౌకాదళోద్యోగిని వివాహమాడగా కొందరు నిందించిరి. కాని యామె తన కుమారునకు ఆర్థర్ హెన్రీ హాలమ్ అని పేరిడినది. 1852లో బుట్టిన తన కుమారునకు కవియు హాలమ్ అనియే పేరు పెట్టెను. బ్రతుకు ముందునకు సాగుట మఱచుట గాదని వీరి వలన నెఱుగవచ్చును. 1861లో భర్తను గోల్పోయిన విక్టోరియా రాణి కీ కావ్యమే గొప్ప యూరట యయ్యెను.

కావున, సోదరీమణులారా, చెలిని గోల్పోయిన యింటికి బోయినపుడు, ఏ మతమువారమైనను, వేదాంతముతో నారంభింపవలదు. ప్రక్కన గూర్చుండి యేడ్వనిండు. ఆ పూట వంటయో, పిల్లల స్నానమో మన చేతి మీదుగా జరుపుడు. పోయినవారి పేరు పలుకుటకు జంకవలదు. సంవత్సరము తిరిగి, తక్కినవారు మఱచిన దినమున మరల నొకమారు పోయి పలుకరింపుడు. ఆశను గూర్చిన మాట అప్పుడు చెవి కెక్కును.