సోలార్ ప్లేటు కింద పావురం గూడు

నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల వైపు పసుపు, మక్క, వరి పండుతాయి. చేను కాపలా అక్కడి రైతుకు కొత్త కాదు. ఇప్పుడు ఇంటి మీద కూడా ఒక పంటకు కాపలా కావాలి. అదే ఎండ పంట!

2024లో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. 3 కిలోవాట్ల సోలార్ ప్లేట్లకు రూ. 78,000 సబ్సిడీ ప్రకటించింది. మిగతా డబ్బు ఇంటివాళ్లే పెట్టుకోవాలి. అప్పు తెచ్చి పెట్టిన ప్లేట్ల కింద పావురాలు గూడు కడితే ఎట్లా?

పిట్టలు ఎందుకు వస్తాయి?

ప్లేటుకూ స్లాబుకూ మధ్య సందు ఉంటుంది. అక్కడ నీడ ఉంటుంది. గద్ద కంట పడదు. స్లాబు మీద మక్కలు, వడ్లు ఎండబోస్తే తిండి కూడా అక్కడే దొరుకుతుంది. పావురానికి ఇంకేం కావాలి?

నష్టం ఏమిటి?

ప్లేటులో చిన్న చిన్న గడులు ఉంటాయి. అవి గొలుసులాగా కలిసి ఉంటాయి. ఒక గడిని రెట్ట కప్పితే దానికి ఎండ తగలదు. దానివల్ల మిగతా గడుల కరెంటు కూడా తగ్గుతుంది. రెట్ట పడిన చోట ప్లేటు బాగా వేడెక్కి చెడిపోవచ్చు. కింద గూడు ఉంటే గాలి ఆడదు. వేడి పెరిగితే కరెంటు తగ్గుతుంది. తీగ దెబ్బతిని నిప్పురవ్వ పడితే ఎండుపుల్లలు అంటుకుంటాయి.

ఏం చేయకూడదు?

చేనులో మంచె ఎక్కి వడిసెలతో రాళ్లు విసురుతారు. స్లాబు మీద అట్లా విసిరితే పిట్ట ఎగిరిపోతుంది, ప్లేటు అద్దం పగులుతుంది. విషం పెట్టవద్దు. విషం తిన్న పిట్టను పిల్లి తింటే అదీ చస్తుంది. జిగురు పూయవద్దు. మెరుపు కాగితాలు, దిష్టిబొమ్మలు కొద్ది రోజులే పనిచేస్తాయి. తర్వాత పిట్టలు వాటికి అలవాటు పడతాయి.

ఏం చేయాలి?

1. ముందు గూటిలోకి చూడాలి. పావురం 2 గుడ్లు పెడుతుంది. సుమారు 18 రోజులకు పిల్లలు అవుతాయి. ఇంకో నెలకు ఎగిరిపోతాయి. అందాకా ఓపిక పట్టాలి. గూడు ఖాళీ కాగానే తీసేయాలి. లేకుంటే మళ్లీ గుడ్లు పెడుతుంది.

2. ఎండు రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. మాస్కు కట్టుకోవాలి. నీళ్లు చల్లి, తడిసిన తర్వాతే తీయాలి.

3. సందు చుట్టూ తుప్పు పట్టని ఇనుప జాలి కట్టించాలి. కన్నులు అర అంగుళం ఉంటే చాలు. ప్లేటుకు రంధ్రం కొట్టవద్దు, క్లిప్పులతో బిగించాలి. రేకుతో మూయవద్దు, గాలి ఆడదు. మూసే ముందు లోపల పిట్ట ఉందేమో చూడాలి. ఇరుక్కుంటే ఆకలితో చస్తుంది.

4. ఈ పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించాలి. మెయిన్ ఆపినా, ఎండ ఉన్నంతసేపు ప్లేటు తీగల్లో కరెంటు ఉంటుంది. తీగలను తాకితే ప్రాణానికే ముప్పు!

5. ప్లేట్లను పొద్దున్నే గాని, పొద్దుగూకినాక గాని మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడవాలి. ఎర్రటి ఎండలో చల్లనీళ్లు పోస్తే అద్దం పగలవచ్చు. ఇసుకతో, బూడిదతో తోమవద్దు.

6. గింజలు ప్లేట్లకు దూరంగా ఎండబోయాలి. పిట్టలకు నీళ్లు దూరంగా, చెట్టు కింద పెట్టాలి.

పిట్టను చంపితే ఇంకో పిట్ట వస్తుంది. సందు మూస్తే ఏ పిట్టా రాదు. కరెంటూ మిగులుతుంది, పావురమూ బతుకుతుంది.

మాట్లాడుకోండి: మీ ఊళ్లో ఎవరి ఇంటి మీద సోలార్ ప్లేట్లు ఉన్నాయి? వాటి కింద సందు మూసి ఉందా?