మద్రాసు రేవు జంట ఓడలు: రాజులా, రోహ్నా

బ్రిటిష్ గయానా చెరకు తోటల్లో మన కూలీలు ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని 1922లో భారతదేశం నుంచి ఒక బృందం వెళ్లింది. దానికి నాయకుడు సముద్రతీరం వాడు కాదు, కరువు నేల గుత్తిలో ప్లీడరీ చేసిన దివాన్ బహదూర్ పి. కేశవ పిళ్లె. 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ సభకు వెళ్లినవాడు, గుత్తి నుంచి ‘హిందూ’ పత్రికకు వార్తలు రాసినవాడు, మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షుడైనవాడు. తోటల్లో కూలీల ఇళ్లు, పారిశుద్ధ్యం ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో ఆయనా, బృందంలోని వి.ఎన్. తివారీ కలిసి నివేదికలో రాశారు. ఓడెక్కి పోయిన బీదవాళ్ల గోడు అంత శ్రద్ధగా విన్న మనిషి మన గుత్తివాడు కావడం జిల్లా అంతా చెప్పుకోవలసిన సంగతి.

బ్రిటిష్ గయానాకే కాదు, మలయా తోటలకూ మన కూలీలు ఓడెక్కి పోయేవాళ్లు. ఆ బృందం వెళ్లిన నాలుగేళ్లకు, 1926లో, ఆ దారిలో తిప్పడానికి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ రెండు జంట ఓడలు కట్టించింది. గ్లాస్గోలో బార్క్లే కర్ల్ వాళ్లు కట్టింది రాజులా. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డున హెబర్న్‌లో హాథార్న్ లెస్లీ వాళ్లు కట్టింది రోహ్నా. ఒక్కొక్కటి దాదాపు ఎనిమిదిన్నర వేల టన్నులు, 140 మీటర్ల పైచిలుకు పొడవు. మద్రాసులో బయల్దేరి, నాగపట్నం తాకి, బంగాళాఖాతం దాటి పెనాంగ్ మీదుగా సింగపూరు చేరడం వాటి పని.

క్యాబిన్లు కొద్దిమందికే. డెక్ మీద మాత్రం ఐదు వేల మందికి పైగా ఎక్కించుకోవడానికి మొదట్లో ఈ ఓడలకు అనుమతి ఉండేది! ఐదు వేలంటే ఒక పెద్ద ఊరు. చాప పరుచుకున్నంత మేరే ఒక కుటుంబానికి ఇల్లు, రేకు పెట్టే బీరువా. ఒడ్డు చేరాక కూడా కూలీలు నేరుగా తోటకు పోయేవాళ్లు కాదు. పెనాంగ్ దగ్గర జెరెజాక్ దీవిలోనో, సింగపూరు దగ్గర సెయింట్ జాన్స్ దీవిలోనో అంటురోగాల భయంతో కొన్నాళ్లు ఆపేవారు. ఇటువైపు ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచిన డిపోల్లో ఒకటి ఆవడి. గుత్తిలో ఎక్కిన మద్రాసు రైలు ఆ స్టేషను మీదుగానే పోతుంది.

1938లో భారత ప్రభుత్వం కూలీలను మలయాకు తీసుకుపోవడాన్ని నిషేధించింది. మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. రెండు ఓడలూ సైనికులను మోసే పనిలోకి పోయాయి.

రోహ్నా కథ 1943 నవంబరు 26 సాయంత్రం ముగిసింది. దాదాపు 2,000 మంది అమెరికన్ సైనికులతో ఒరాన్ రేవు దగ్గర ఓడల గుంపులో చేరి, సూయజ్ మీదుగా మన దేశం వైపే వస్తోంది. అల్జీరియా తీరాన జర్మన్ విమానం ఒకటి వదిలిన బాంబు దాని పక్కను చీల్చింది. అది మామూలు బాంబు కాదు. రెక్కలు ఉన్నది, విమానంలో కూర్చున్న మనిషి రేడియో సంకేతాలతో గురివైపు నడిపించేది. నేటి క్షిపణులకు పూర్వరూపం అన్నమాట. పయనీర్ అనే అమెరికన్ మైన్‌స్వీపర్ ఒక్కటే 606 మందిని నీళ్లలోంచి లాగింది. అయినా 1,138 మంది పోయారు. శత్రువు చేసిన ఒక్క దాడిలో సముద్రం మీద ఇంతమంది అమెరికన్ సైనికులు చనిపోవడం మరెన్నడూ లేదు. జర్మన్ల కొత్త ఆయుధం ఎంత బాగా పనిచేసిందో బయటపడకూడదని ప్రభుత్వాలు ఈ సంగతిని దాచాయి. అమెరికన్ కాంగ్రెస్ వాళ్లను స్మరిస్తూ తీర్మానం చేసింది 2000 సంవత్సరంలో.

పోయినవాళ్లలో 117 మంది ఓడ సిబ్బంది. ఎక్కువమంది భారతీయులే. ఇంజను గదిలో సెగ భరించినవాళ్లు, తాళ్లు లాగిన కళాసీలు. రోహ్నా గురించి ఎవరు రాసినా అమెరికన్ సైనికుల దగ్గరే ఆగిపోతారు. ఈ 117 మందిని మనమైనా తలుచుకోవద్దా? ఆ యుద్ధంలో సముద్రం పాలైన సుమారు 6,000 మంది భారతీయ వాణిజ్య నావికుల పేర్లు బొంబాయి ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లోని స్మారక గ్రంథంలో ఉన్నాయి. బొంబాయి వెళ్లినప్పుడు చూడదగ్గ చోటు అది.

రోహ్నా మునగడానికి ముందే, 1942 ఫిబ్రవరి 15న, సింగపూరు జపాన్ చేతికి చిక్కింది. మలయా తోటల్లోని మనవాళ్లకు తిరిగొచ్చే దారి మూడున్నరేళ్లపాటు మూసుకుపోయింది. వాళ్లలో పదుల వేల మందిని, తమిళులనూ తెలుగువాళ్లనూ, జపాన్ సైన్యం సయాం–బర్మా రైలుమార్గం పనికి తోలింది. 415 కిలోమీటర్లు, ఇంచుమించు గుత్తి నుంచి మద్రాసుకు ఉన్నంత దూరం. అడవిలో, కలరాలో, తిండిలేక కుప్పకూలుతూ వేసిన ఆ పట్టాలు 1943 అక్టోబరులో కలిశాయి. రోహ్నా మునిగింది ఆ మరుసటి నెలలోనే.

మన తీరానికీ ఆ సెగ తగిలింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అదే రోజు బంగాళాఖాతంలో జపాన్ నౌకాదళం ముంచిన ఓడల్లో రాజులా కంపెనీ వాళ్ల మాల్దా, ఇండోరా కూడా ఉన్నాయి.

రాజులా బతికి బయటపడింది. యుద్ధం ముగిశాక మళ్లీ పాత దారే పట్టింది. నాకు ఈ రెండో బతుకే ఎక్కువ ఆసక్తి. ముందు కూలీలను మోసిన డెక్కు మీద ఇప్పుడు సెలవుల్లో ఊరికొచ్చే కుటుంబాలు, పెళ్లిసంబంధాలు చూసుకోవడానికి వచ్చే కుర్రాళ్లు, చిన్నవ్యాపారులు. భారతదేశం స్వతంత్రమైంది, మలయా స్వతంత్రమైంది, సింగపూరు వేరు దేశమైంది. 1926 నాటి ఆవిరి ఓడ మాత్రం అదే రేవుల మధ్య తిరుగుతూనే ఉంది. 1973లో షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కొని రంగత్ అని పేరు మార్చింది. 1974లో బొంబాయిలో విడగొట్టారు. ఆవిరి ఓడకు 47 ఏళ్ల కొలువు మాటలు కాదు.

తర్వాత ఆ దారిలో తిరిగింది ఎం.వి. చిదంబరం. 1966లో పాస్తర్ పేరుతో ఫ్రాన్సులో కట్టిన ఓడ అది. 1985 ఫిబ్రవరిలో మద్రాసు వస్తుండగా నడిసముద్రంలో మంటలు లేచి పలువురు చనిపోయారు. ఆ ఓడను మళ్లీ సింగపూరుకు పంపలేదు, అదే ఏడాది తుక్కుకు అమ్మేశారు.