శ్వాస నియంత్రణ: ఊపిరి బిగబట్టినప్పుడు మనల్ని తొందరపెట్టేది ఏది?

పి.జి.సెట్‌కు సిద్ధమయ్యే విద్యార్థులు కణశ్వాసక్రియను కణజీవశాస్త్రంలోనూ, శ్వాస నియంత్రణను శరీరధర్మశాస్త్రంలోనూ వేరువేరుగా చదువుతారు. ఈ రెండు పాఠాలనూ కలిపేది కార్బన్ డై ఆక్సైడ్.

మొదట అది ఎక్కడ పుడుతుందో చూద్దాం. కణద్రవ్యంలో జరిగే గ్లైకాలసిస్‌లో ఈ వాయువు విడుదల కాదు. మైటోకాండ్రియా మాత్రికలో పైరువేట్ ఎసిటైల్ కో-ఎ గా మారేటప్పుడు, ఒక గ్లూకోజ్ అణువుకు 2 అణువులు, ఆ తరవాత క్రెబ్స్ వలయంలో 4 అణువులు వెలువడతాయి. పీల్చిన ఆక్సిజనే కార్బన్ డై ఆక్సైడ్‌గా మారి బయటికి వస్తుందని జవాబుపత్రాల్లో తరచుగా కనిపిస్తుంది. అది సరికాదు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్ రవాణా వ్యవస్థ చివర ఎలక్ట్రాన్లను స్వీకరించి నీరుగా మారుతుంది. (ఈ క్రమంలో ఏర్పడే ఏ.టి.పి.ని 1929లో కండరంలో గుర్తించిన వారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. మన పాఠ్యపుస్తకాలు ఆయనకు ఇంకొంత చోటివ్వాలి.)

ఇక నియంత్రణ. శ్వాస లయ కేంద్రం మజ్జాముఖంలో ఉంది. పాన్స్‌లోని న్యూమోటాక్సిక్ కేంద్రం ఉచ్ఛ్వాస వ్యవధిని తగ్గిస్తుంది. రక్తంలోని కార్బన్ డై ఆక్సైడ్ మెదడును చుట్టిన మస్తిష్క మేరు ద్రవంలోకి సులభంగా చేరి, నీటితో కలిసి కార్బానిక్ ఆమ్లమై, హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తుంది. మజ్జాముఖం దగ్గరి రసాయన గ్రాహకాలు స్పందించేది ఈ అయాన్లకే. ధమని రక్తంలో ఈ వాయువు పాక్షిక పీడనం సుమారు 40 మి.మీ. పాదరసం. అది కొద్దిగా పెరిగినా శ్వాస జోరందుకుంటుంది. ఆక్సిజన్ విషయం వేరు. దాని పాక్షిక పీడనం దాదాపు 100 నుంచి 60కి పడిపోయేదాకా కరోటిడ్, మహాధమని గ్రాహకాలు గట్టిగా స్పందించవు. 'ఆక్సిజన్ పాత్ర స్వల్పం' అన్న వాక్యాన్ని ఈ అర్థంలోనే తీసుకోవాలి. పాత్ర లేదని కాదు.

ఇది మార్కులతో తీరిపోయే సంగతి కాదు. కావలి దగ్గర తుమ్మలపెంట తీరంలోనో, ఊరి బావిలోనో ఎక్కువసేపు మునిగి ఉండాలని కుర్రవాళ్లు ముందుగా గబగబా పది ఇరవైసార్లు గాలి పీల్చి వదులుతారు. ఆక్సిజన్ నిల్వ చేసుకుంటున్నామని వాళ్ల నమ్మకం. కానీ హీమోగ్లోబిన్ అప్పటికే 97 శాతం దాకా ఆక్సిజన్‌తో నిండి ఉంటుంది, ఇంకా చేరేది అతి తక్కువ. కార్బన్ డై ఆక్సైడ్ మాత్రం బాగా తగ్గిపోతుంది. నీటిలో ఆక్సిజన్ తరుగుతూనే ఉంటుంది, కానీ 'ఊపిరి తీసుకో' అనే తొందర రావడం ఆలస్యమవుతుంది. ఆ తొందర పుట్టేలోపే మెదడుకు ఆక్సిజన్ చాలక స్పృహ తప్పవచ్చు. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా చప్పుడు లేకుండా మునిగిపోయేది ఇలాగే. మీ ఇళ్లలో ఈతకు వెళ్లే పిల్లలుంటే ఈ పేరా వాళ్లకు చదివి వినిపించండి.

స్వీయ పరీక్ష: ఎత్తయిన పర్వతం ఎక్కినవారిలో శ్వాస వేగం పెరగడానికి తొలి సంకేతం ఏ గ్రాహకాల నుంచి వస్తుంది? అలా వేగంగా ఊపిరి తీయడం వల్ల రక్తం పి.హెచ్. ఎటు మారుతుంది, ఎందుకు?