కంటికి కనిపించని నొప్పి

ఆర్మూరు నుండి కామారెడ్డి వైపు 44వ జాతీయ రహదారి మీద ప్రయాణం చేసేవారికి డిచ్‌పల్లి దాటిన తరువాత ఇందల్వాయి వస్తుంది. పసుపు పంటకు పేరుపొందిన నిజామాబాదు జిల్లాలోని ఊరు అది. పంట చేతికి వచ్చే కాలంలో ఈ జిల్లా పల్లెలలో పసుపు తవ్వడం, కొమ్ములు ఉడకబెట్టడం, ఆరబెట్టడం ముమ్మరంగా సాగుతుంటాయి. ఏడాది పొడుగునా సాగే పని మరొకటి ఉన్నది. అది బీడీలు చుట్టడం. ఒడిలో చాట పెట్టుకొని, మెడ వంచి, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే స్త్రీలు ఈ జిల్లాలో వేలకు వేలు. కూలి వేయి బీడీల లెక్కన ముడుతుంది గనుక, చేయి ఆగిన ప్రతి క్షణమూ కూలిలో తరుగుతుంది.

ఇటువంటి పనిలో మెడ, నడుము, భుజాలు నొవ్వడం వింత కాదు. ఆ నొప్పి విశ్రాంతితో తగ్గితే అది అలసట. మూడు నెలలు దాటినా విడువకపోతే దానిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. అటువంటి స్త్రీ ఎక్స్‌రే తీయించుకొంటుంది, రక్తపరీక్ష చేయించుకొంటుంది. అన్నీ బాగానే ఉన్నవని ఫలితం వస్తుంది. సంతోషించవలసిన ఆ మాటే ఒక్కొక్కప్పుడు ఆమె పాలిటి శిక్ష అవుతుంది. ఆనాటి నుండి ఇంటివారి దృష్టిలో ఆమెకున్నది నొప్పి కాదు, సోమరితనం!

పరీక్షలకు చిక్కని ఈ బాధలలో ఒకదాని పేరు ఫైబ్రోమయాల్జియా. ఒళ్ళంతా నొప్పులు, నిద్రపోయినా తీరని బడలిక, మరపు దీని లక్షణాలు. ఇది పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. 1904లో ఆంగ్ల వైద్యుడు గవర్స్ ఇటువంటి నొప్పులకు ‘ఫైబ్రోసైటిస్’ అని పేరు పెట్టాడు. కండరాలలో వాపు ఉన్నదని ఆనాటి ఊహ. వెదికితే వాపు కనిపించలేదు. 1976లో నేటి పేరు వచ్చింది. 1990లో అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం, శరీరంపై 18 చోట్ల నొక్కి చూచి, కనీసం 11 చోట్ల నొప్పి ఉంటే ఈ వ్యాధిగా గుర్తించవచ్చునన్నది. 2010లో ఆ లెక్కను సడలించి, నొప్పి ఎంత మేర వ్యాపించినది, నిద్ర, అలసట ఎట్లున్నవి అని రోగినే అడగాలని నిర్ణయించింది. రోగి మాటకు శాస్త్రంలో స్థానం దొరికింది.

గాయం లేనిచోట నొప్పి ఎట్లు పుడుతుంది? మంచె మీది కావలివాడు పిట్ట వాలితే కేక వేయాలి. అతని చెవి మరీ సున్నితమై, ఆకు కదలినా కేక వేస్తే చేను వారికి నిద్ర ఉండదు. ఫైబ్రోమయాల్జియాలో నాడీమండలం అట్టి కావలివాడే. వచ్చిన కబురు చిన్నది. మెదడుకు వినిపించే కేక పెద్దది. కేక నిజమే, బాధా నిజమే. వెన్నుపాములో నొప్పి కబురును తగ్గించే, పెంచే ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదని 1965లోనే మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 2021లో లండన్, లివర్‌పూల్, స్టాక్‌హోం పరిశోధకులు మరొక అడుగు వేశారు. రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కించగా, ఆ ఎలుకలు కొద్దిపాటి ఒత్తిడికి, చలికి కూడ బాధపడినవి. ఆరోగ్యవంతుల యాంటీబాడీలతో అట్లు జరుగలేదు. ఈ వ్యాధి మనసు కల్పించుకొన్నదనే వాదానికి అది గట్టి దెబ్బ.

చికిత్సలో మాయమందు లేదు. అమెరికాలో 2007లో ప్రిగాబాలిన్, 2008లో డ్యులోక్సెటిన్, 2009లో మిల్నాసిప్రాన్ ఈ వ్యాధికి అనుమతి పొందినవి. మళ్లీ 2025 ఆగస్టులో గాని మరొక మందు రాలేదు. అది పాత మందే అయిన సైక్లోబెంజాప్రిన్. పడుకొనే ముందు నాలుక కింద ఉంచుకొనే కొత్త రూపంలో వచ్చింది. ఈ మందులు కొందరికి కొంత మేలు చేస్తాయి, అందరికీ కాదు. 2017లో ఐరోపా వైద్యనిపుణులు చికిత్సలన్నిటినీ బేరీజు వేసి, గట్టిగా సిఫారసు చేసినది ఒక్క వ్యాయామాన్నే. నడకను కొద్దిగా మొదలుపెట్టి, మెల్లగా పెంచాలి.

మరి ఇంటి పసుపు మాటేమిటి? అందులోని కర్క్యుమిన్‌ను 1815లోనే వేరుచేశారు. మోకాళ్ల అరుగుదల నొప్పికి అది కొంత ఉపకరిస్తుందని కొన్ని చిన్న పరీక్షలు సూచించినవి. కాని తిన్న కర్క్యుమిన్‌లో రక్తంలో చేరేది అత్యల్పం. ఫైబ్రోమయాల్జియాను అది తగ్గిస్తుందనడానికి తగిన రుజువు లేదు. పసుపు పండించే జిల్లావారు పసుపును గౌరవించవచ్చు. చేయలేని పనిని దానికి అప్పగించరాదు.

ఒళ్లు నొప్పులన్నీ ఈ వ్యాధి కావు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, డి విటమిన్ కొరత కూడ ఇట్లే బాధిస్తాయి. వాటికి చికిత్స ఉన్నది. అందువలన ముందు వైద్యపరీక్ష అవసరం. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవ్యాధులకు ప్రత్యేక విభాగమే ఉన్నది.

అమ్మ లేవలేకపోయిందని పొయ్యి వెలిగించి, తమ్ముణ్ణి తయారుచేసి, ఆలస్యంగా బడికి వచ్చే బాలిక ఏ తరగతిలోనైనా ఉండవచ్చు. ఆలస్యానికి కారణం అడిగే ఉపాధ్యాయుడు ఆమె చెప్పే జవాబును నమ్మాలి. ఇంటికి వెళ్లిన బాలిక తల్లి నొప్పిని నమ్మాలి. నమ్మకం మందు కాదు. కాని నమ్మేవారు లేని రోగి మందు దాకా పోలేదు.