కప్పు ఒక్కటే చాలదు

మదీనాలోని మస్జిదె నబవీలో ఒక పక్క నీడ గల అరుగు ఉండేది. దానిని ‘సుఫ్ఫా’ అనేవారు. ఇల్లూ వాకిలీ లేని సహాబాలు అక్కడే తలదాచుకునేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. ఇద్దరికి సరిపడే అన్నం ఉన్నవారు మూడో మనిషిని వెంట తీసుకువెళ్లాలని దైవప్రవక్త (స) సహచరులకు చెప్పారు. హిజ్రీ 5లో జరిగిన కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) గాయపడ్డారు. దగ్గర నుంచి పరామర్శించడానికి వీలుగా ఆయన కోసం మస్జిద్‌లోనే గుడారం వేయించారు. గాయపడిన వారికి కట్లు కట్టే హజ్రత్ రుఫైదా (రజి) ఆయనకు చికిత్స చేశారు.

నీడ, అన్నం, మందు, పరామర్శ. ఈ నాలుగింటినీ ఆనాటి మస్జిద్ ఒక్కచోట చేర్చింది.

నేడు మనం వీటిని విడదీశాం. ఏళ్ల తరబడి ఫుట్‌పాత్ మీద బతికిన మనిషికి ఒక గది దొరికితే సమస్య తీరిందనుకుంటాం. కానీ ఆయనకు క్షయ ఉంటే నెలల తరబడి మందులు మానకుండా వాడాలి. షుగరు, బి.పి. ఉంటే రోజూ మాత్ర వేసుకోవాలి. మానసిక వ్యాధి మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఆధార్ ఎక్కడో పోయింది. పాత ఆస్పత్రి చీటీ లేదు. ఏ వరుసలో నిలబడాలో చెప్పే తోడు లేదు. చివరకు గదికి తాళం పడుతుంది, మనిషి మళ్లీ రోడ్డుకు చేరతాడు.

వైద్యం లేని ఆశ్రయం ఎంతటి ఘోరానికి దారి తీస్తుందో ఎర్వాడి చెప్పింది. తమిళనాడులోని ఆ దర్గా ఊరిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టివేసిన 28 మంది మానసిక రోగులు ప్రాణాలు కోల్పోయారు. వారికి కప్పు ఉంది, ఆలనాపాలనా లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఇలా గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

ఆ రాష్ట్రంలోనే మరో దారీ కనిపించింది. చెన్నైలో 1993లో మొదలైన ‘ది బాన్యన్’ సంస్థ, 2015 నుంచి ‘హోమ్ అగైన్’ పేరుతో మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుంటోంది. వీధుల నుంచి వచ్చి కోలుకున్న నలుగురైదుగురు ఒక ఇంట్లో కలిసి ఉంటారు. వంట, బజారు, పండుగ అన్నీ వారివే. సాయానికి ఒక మనిషి తోడుంటారు. మందులు, వైద్యుల సంగతి సంస్థ కార్యకర్తలు వచ్చి చూసుకుంటారు.

ఇక మన సూరారం సంగతి చూద్దాం. పక్కనే జీడిమెట్ల పారిశ్రామికవాడ. ఊళ్లోనే పెద్ద బోధనాసుపత్రి ఉంది. నగరంలో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. క్షయ రోగికి పౌష్టికాహారం కోసం ఇచ్చే సాయాన్ని కేంద్రం 2024లో నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచింది. పూసలన్నీ ఉన్నాయి, వాటిని గుచ్చే దారమే కావాలి.

ఆ దారం మస్జిద్ కమిటీలు కాగలవు. ఒక్కో నిరాశ్రయుడి బాధ్యత ఒక్కో కుటుంబం తీసుకోవాలి. చీటీలు, మందుల తేదీలు ఒక ఫైలులో ఉంచాలి. దవాఖానాకు వెంట వెళ్లాలి. స్త్రీలకు స్త్రీలే తోడుండాలి. రోగి జబ్బు సంగతి నలుగురిలో చెప్పరాదు, అది అమానత్. జకాత్ వినియోగంపై ఉలమాలను అడిగి తెలుసుకోవచ్చు. సదఖాకు మాత్రం మతం అడ్డు కాదు. పొరుగువాడి హక్కు ముస్లిమేతరుడికీ ఉంది.

రోగిని పరామర్శించడం ముస్లిం బాధ్యతల్లో ఒకటని మనందరికీ తెలుసు. బంధువు ఆస్పత్రిలో ఉంటే పండ్లు పట్టుకుని వెళ్తాం. ఎవరూ లేనివాడి గది తలుపు తట్టేదెవరు? ఈ జుమా నమాజు తరువాత మస్జిద్ మెట్ల దగ్గర కూర్చున్న వారిలో ఒక్కరినైనా, “మందులు వేసుకుంటున్నారా?” అని అడుగుదాం. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.