ఛాయాచిత్రంలో సూత్రమూ, చూపూ

కెమెరా చేతపట్టిన విద్యార్థికి మొట్టమొదట వినవచ్చే ఉపదేశం ఒకటుంది. చిత్రాన్ని నిలువున రెండు, అడ్డంగా రెండు గీతలతో తొమ్మిది సమభాగాలుగా ఊహించుకొని, ముఖ్య వస్తువును ఆ గీతలు కలిసే చోట నిలపాలట. ఇదే మూడవవంతు సూత్రం. ఇది కెమెరాతో పుట్టినది కాదు. 1839లో ఛాయాగ్రహణం లోకానికి వెల్లడి కావడానికి నాలుగు దశాబ్దాల ముందే, 1797లో, జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు గ్రామీణ దృశ్యాలను గూర్చిన తన గ్రంథంలో దీనికి ఆ పేరు పెట్టాడు.

సూత్రానికి కారణం లేకపోలేదు. వస్తువు నట్టనడుమ ఉంటే చూపు అక్కడే ఆగుతుంది. నడిచే మనిషి ముందు కొంత చోటు విడిచితే అతడు ఎక్కడికో పోతున్నట్లు తోస్తుంది. కాని చార్మినారుకు ఎదురుగా నిలిచి చూడండి. 1591 నాటి ఆ కట్టడానికి ప్రతి ముఖాన ఒక మహాద్వారం, ఇరువైపులా మీనార్లు. దానిని ప్రక్కకు నెట్టి చిత్రిస్తే ఆ సమత చెదురుతుంది. అక్కడ నడిమి స్థానమే తగినది.

ఒక ఉదయం మక్కా మసీదు ప్రాంగణంలో పావురాలకు గింజలు చల్లుతున్న వృద్ధుని చూచాము. ఆయనను కుడివైపు గీతపై నిలుపుదామని రెండడుగులు జరిగి, మరల ఒక అడుగు వెనుకకు వేసి సరిచూచుకొనేలోగా పావురాలు లేచిపోయాయి, వృద్ధుడు వెనుదిరిగాడు. మాకు దక్కినది సూత్రానికి చక్కగా సరిపోయిన ఖాళీ ప్రాంగణం!

అంతమాత్రాన సహజబుద్ధి ఒక్కటే చాలునని మేము అనబోము. 1932లో పారిస్‌లో సెంట్ లజార్ రైల్వే స్టేషను వెనుక, నీటిమడుగు దాటబోయి గాలిలోకి ఎగిరిన మనిషిని హెన్రీ కార్టియే బ్రెస్సోఁ కంచె సందులోంచి చిత్రించాడు. వెనుక గోడమీది ప్రకటనలో ఒక నాట్యకత్తె కూడ అటువలెనే ఎగురుతూ ఉంటుంది. అడ్డువచ్చిన కంచె భాగాన్ని తరువాత కత్తిరించవలసి వచ్చింది. ఇది వట్టి అదృష్టమా? అంతకు కొన్నేళ్ల ముందే ఆయన ఆంద్రే లోత్ అనే చిత్రకారుని వద్ద రూపనిర్మాణం శ్రద్ధగా నేర్చాడు. నేర్చినది కంటిలో ఇంకిపోయిన పిదప దానినే మనం సహజబుద్ధి అంటున్నాము. (ఆరవ నిజాము కొలువులోని ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్‌కు లభించిన బిరుదు ముసవ్విర్ జంగ్. ఉర్దూలో ముసవ్విర్ అనగా చిత్రకారుడే.)

నేడు చేతి ఫోను తెరమీద ఆ నాలుగు గీతలు సిద్ధంగానే కనిపిస్తాయి. విద్యార్థి మిత్రులు వాటిని ఒక వారం దినాలు ఆపివేసి చిత్రాలు తీయాలనీ, తీసిన పిదప కాగితంపై ఆ గీతలు తామే గీచి, ఏది ఎక్కడ కుదిరినదో, ఎక్కడ కుదరలేదో పరిశీలించాలనీ మా కోరిక. సంచికకు చిత్రాలను ఎంపికచేసే సంఘ సభ్యులకు ఒక మనవి: కొలబద్ద తీయకముందు ఒక్క నిమిషం చిత్రాన్ని చూడండి.