నీలి చుక్కకు వాల్తేరు సాయం

విశాఖ ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కాక కూడా, దారి చూపే ఫోన్ తెర మీది నీలి చుక్క ఒక్కోసారి కింది రోడ్డునే పట్టుకుని నడుస్తుంది. యంత్రం చెడిపోయిందని కాదు. ఉపగ్రహాల లెక్కలో నాలుగైదు మీటర్ల తేడా మామూలే, ఎత్తు దగ్గరికొచ్చేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు రోడ్లు ఉన్నచోట ఏది మనదో ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు. కారు వేగం, దిశ, తిరిగిన మలుపులు చూసి ‘ఇది ఫలానా రోడ్డు’ అని నిర్ణయించేది పరికరంలోని ప్రోగ్రామ్. దాన్నే మ్యాప్ మ్యాచింగ్ అంటారు.

చిత్రమేమిటంటే, కారులోకి ఉపగ్రహం కన్నా ముందు వచ్చింది ఇలాంటి లెక్కే. 1981లో హోండా తయారు చేసిన ఎలక్ట్రో గైరోకేటర్‌లో ఉపగ్రహం ఊసే లేదు. కారు ఎటు తిరిగిందో గైరో చెప్పేది, ఎంత దూరం వచ్చిందో చక్రాలు చెప్పేవి. ఆ రెండూ కలిపి పరికరం పటం మీద చుక్కను జరిపేది. సముద్రం మీద నావికులు ఏనాటి నుంచో చేస్తున్న ఈ లెక్కకు డెడ్ రెకనింగ్ అని పేరు. 1985లో అమెరికాలో వచ్చిన ఈటాక్ పటాలను క్యాసెట్లలో పెట్టి, వాటికి మ్యాప్ మ్యాచింగ్ జోడించింది. ఉపగ్రహాలతో నడిచే జీపీఎస్ 1990లో మాజ్దా వారి యూనోస్ కాస్మోతో కారులో చేరింది. అప్పటికీ పౌరులకిచ్చే సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే చెడగొట్టి పంపేది. 2000 మే నెలలో ఆ పని ఆపాకే దారి చెప్పే పరికరం సామాన్యుడికి నమ్మకంగా అక్కరకొచ్చింది.

జీపీఎస్ కొలిచేది దూరం కాదు, కాలం. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహంలోని పరమాణు గడియారం ‘నేనిప్పుడు ఇక్కడున్నాను, సమయం ఇంత’ అని పంపుతుంది. ఆ కబురు చేరడానికి పట్టిన వ్యవధిని కాంతి వేగంతో గుణిస్తే దూరం వస్తుంది. సెకనులో పది లక్షల్లో ఒక వంతు తప్పినా 300 మీటర్లు తప్పినట్టే. స్థానం తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలు. మన పరికరంలోని చవక గడియారం ఎంత తప్పుతోందో తేల్చడానికి నాలుగోది కావాలి.

అసలు చిక్కు ఆ కబురు వచ్చే దారిలో ఉంది. సూర్యకాంతికి పైవాతావరణంలోని అణువులు విడిపోయి విద్యుదావేశం పొందిన పొర ఏర్పడుతుంది. అదే ఐనావరణం. రేడియో సంకేతాన్ని అది ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం ఒక్కో వేళ పదుల మీటర్ల తప్పుగా మారుతుంది. అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. పగటిపూట అక్కడ పైకి లేచిన ఆవేశ కణాలు ఉత్తరానికి, దక్షిణానికి జారి పోగుపడతాయి. ఉత్తరాన అవి చిక్కగా చేరే మేర సుమారు 15 నుంచి 25 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉంటుంది. విశాఖ ఉన్నది 17.7 దగ్గర. సూర్యుడు ఉధృతంగా ఉన్న సంవత్సరాల్లో, ముఖ్యంగా మార్చి, సెప్టెంబరు నెలల అటూ ఇటూ, పొద్దుగూకాక ఈ పొరలో బుడగలు లేస్తాయి. అవి సంకేతాన్ని మిణుకుమనిపిస్తాయి, ఒక్కోసారి తెంపేస్తాయి.

ఈ ఆకాశాన్ని ఓపికగా చదివిన చోటు విశాఖలోనే ఉంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో బి. రామచంద్రరావు బృందం 1950లలోనే, ఐనావరణాన్ని తాకి తిరిగొచ్చే రేడియో తరంగాలను విడివిడిగా నిలిపిన రిసీవర్లతో పట్టి, ఆ పొరలోని గాలులను కొలిచింది. అర్ధ శతాబ్దం తర్వాత అదే విశ్వవిద్యాలయంలో పి.వి.ఎస్. రామారావు బృందం దేశమంతటా ఉన్న జీపీఎస్ రిసీవర్ల కొలతలతో 2006లో పరిశోధనలు ప్రచురించింది. ఆలస్యాన్ని దిద్దే లెక్కల్లో ఐనావరణాన్ని 350 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పలచని పొరగా భావిస్తారు. మన దేశపు ఆకాశానికి ఆ ఊహ సరిపోతుందా? ఉపగ్రహం నెత్తి మీదికి బాగా వచ్చినప్పుడు సరిపోతుంది, దిగంతానికి దగ్గరైతే నమ్మలేమని ఆ బృందం తేల్చింది. విశాఖవాసులు గర్వంగా చెప్పుకోవలసిన పని ఇది. ఆ కొలతలు గగన్ కోసం నెలకొల్పిన రిసీవర్లవే. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన గగన్ ఈ తప్పులను నేల మీద కొలిచి, దిద్దుబాటును ఉపగ్రహం ద్వారా పంపుతుంది. 2015లో అది విమానాలు దిగడానికి తోడ్పడే స్థాయి ధ్రువీకరణ పొందింది.

ఐనావరణపు ఆలస్యం పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. అందుకే రెండు పౌనఃపున్యాలు వినగల రిసీవర్ ఆ తప్పును చాలావరకు తానే తీసేసుకుంటుంది. ఫోన్ వివరాల్లో ‘ఎల్1, ఎల్5’ అని కనిపించేది ఇదే. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ ఎల్5లో పలుకుతున్నాయి, 2023 మేలో ఎగిరిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా చేరింది. ఫోన్ కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్లతో పాటు ఈ రెండు పేర్లూ చూడటం మంచిది.

ఏ దిద్దుబాటూ పూర్తిగా తీర్చలేని తప్పు మరొకటుంది. పోర్టులో పేర్చిన కంటైనర్ల వరుసల మధ్య, ఉక్కు కర్మాగారపు రేకుల షెడ్ల పక్కన సంకేతం ఇనుముకు తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. దూరం ఎక్కువైనట్టు లెక్క తేలి, చుక్క పక్కకు గెంతుతుంది. ఇది మల్టీపాత్. సింహాచలం ఘాట్‌లో బాధ వేరు. కొండ సగం ఆకాశాన్ని కప్పేస్తే మిగిలిన ఉపగ్రహాలన్నీ ఒకే వైపు గుమిగూడతాయి, లెక్క పట్టు తప్పుతుంది.

తెర మీది ఎత్తుకూ విశాఖకూ సంబంధముంది. ఉపగ్రహం ఎత్తును కొలిచేది ఊహాత్మకమైన నునుపు భూగోళం నుంచి. ఆ లెక్కన మన బీచ్ సున్నాకు పదుల మీటర్ల కింద ఉంటుంది. దాన్ని సముద్రమట్టానికి మార్చి చూపాలి. దేశానికి 1909లో సగటు సముద్రమట్టం స్థిరపరచడానికి ఎంచుకున్న తొమ్మిది రేవుల్లో విశాఖపట్నం ఒకటి.

చివరగా అరకు వెళ్లేవారికి ఒక మాట. ఉపగ్రహ సంకేతానికి ఫోన్ నెట్‌వర్క్ అక్కర్లేదు, కానీ పటానికి కావాలి. నెట్‌వర్క్ లేకపోతే ఉపగ్రహాల కక్ష్య వివరాలు కూడా ఉపగ్రహం నుంచే నిదానంగా అందాలి, దానికి సుమారు అర నిమిషం పడుతుంది. కాబట్టి ఘాట్ మొదలవకముందే పటం డౌన్‌లోడ్ చేసుకోండి. బయల్దేరేముందు కారును కాసేపు తెరిపి ఆకాశం కింద ఆపండి. చుక్కకూ బోర్డుకూ పొత్తు కుదరనప్పుడు రోడ్డు పక్కన ఉన్న బోర్డునే నమ్మండి.